బ్యాటరీ కొనే ముందు ఎర్ర బల్బు చూడండి

టెక్కలిలో నా షెడ్డుకు పాత ట్రాక్టర్ తెచ్చేవాళ్లు చాలామంది తీర్పు ముందే చెప్పేస్తారు: "బేటరీ పోనాది బావూ, కొత్తదెయ్యి." వెయ్యడానికి నాకేం అభ్యంతరం? కానీ ఛార్జింగ్ రాని బండికి కొత్తది వేసినా నాలుగు రోజుల్లో అదీ పడుకుంటుంది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే బ్యాటరీ మీద పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12 ఉంటే పావు వంతే మిగిలినట్టు. స్టార్ట్ చేసి, కాస్త రేజ్ చేసి మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే ఛార్జింగ్ బాగున్నట్టే. అసలు పెరగకపోతే ఛార్జింగ్ లేదు. 15 దాటిందా, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని అనుమానించండి. అలాంటి బండికి బ్యాటరీ నీళ్లు ఊరికే తగ్గిపోతుంటాయి.

ఛార్జింగ్ లేదని తేలగానే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీకి ఎక్కించేది) విప్పేయకండి. ముందు ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కండి, సుమారు అర అంగుళం దిగాలి. తర్వాత టెర్మినల్స్. బారువ, భావనపాడు వైపు నుంచి వచ్చే బళ్లకు ఉప్పుగాలి పుణ్యమా అని ఈ బాధ ఎక్కువ. పచ్చటి పొడి పైకే కనిపిస్తుంది, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగితే పోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు. కనపడనిది ఎర్త్ దగ్గర, అంటే మైనస్ వైరుని బండి బాడీకి బిగించే చోట ఉంటుంది. బోల్టు బిగువుగానే ఉంటుంది, విప్పితే వాషర్ కింద అంతా తుప్పే. ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున.

ఇక డ్యాష్‌బోర్డు మీది ఎర్ర ఛార్జింగ్ బల్బు. తాళం తిప్పితే, ఇంజిన్ స్టార్ట్ కాకముందు అది వెలగాలి. చాలా ఆల్టర్నేటర్లకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. అది మాడిపోతే మిగతావన్నీ బాగున్నా ఛార్జింగ్ మొదలవదు. వెలగకపోతే ఆల్టర్నేటర్ వెనక ఉన్న సన్న వైరు ఊడదీసి, తాళం ఆన్‌లో ఉంచి ఇంజిన్ బాడీకి తాకించండి. లావు వైరు జోలికి పోవద్దు, దాంట్లో ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది. బల్బు వెలిగిందంటే తప్పు ఆల్టర్నేటర్ లోపలే, చాలాసార్లు అరిగిపోయిన కార్బన్ బ్రష్‌లే. అప్పటికీ వెలగకపోతే బల్బో, ఫ్యూజో, ఎలుక కొరికిన వైరో.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి, "బండి ఆగలేదు, ఛార్జింగ్ ఉంది" అనే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆల్టర్నేటర్లు రాకముందు, డైనమో కాలం నాటి అలవాటది. ఆల్టర్నేటర్ బండికి అలా చేస్తే దాని లోపలి డయోడ్లు (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి) పోతాయి, చెయ్యనివ్వకండి.

అన్నీ బిగించాక హెడ్‌లైట్లు వేసి మీటర్ మళ్లీ పెట్టండి. ఆ లోడు మీద కూడా 13.5 పైన నిలబడితే రాత్రిపూట ధాన్యం తోలుకోవచ్చు.