చిన్న సేవాసంస్థకు అధ్యక్షత – పాఠం 3: మీటింగ్ ముందురోజే మొదలవుతుంది

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. మీ సంస్థ నియమావళి తీసి, అందులో అధ్యక్షుడి గురించి ఉన్న వాక్యాలన్నీ ఒక కాగితం మీద ఎత్తి రాసుకోమన్నాను. రాసినవాళ్లకి ఒక సంగతి తట్టే ఉంటుంది. ఆ వాక్యాలు చాలా తక్కువ. సమావేశాలు పిలవడం, వాటిని నడపడం, ఓట్లు సమానమైనప్పుడు ఇంకో ఓటు వేయడం (అదీ నియమావళి ఇస్తేనే), కొన్నిచోట్ల చెక్కుల మీద సంతకం. దాదాపు అంతే. తీసుకున్న నిర్ణయాలకు మిగతా సభ్యులు ఎంత బాధ్యులో అధ్యక్షుడూ అంతే బాధ్యుడు. బోర్డు ప్రత్యేకంగా అప్పగిస్తే తప్ప, సమావేశం బయట ఒక్కడే నిర్ణయం తీసుకునే అధికారం ఆయనకు లేదు.

అంటే మీ చేతిలో నిజంగా ఉన్నది మీటింగ్ ఒక్కటే. దాన్ని ఎలా నడపాలో ఈ పాఠంలో చూద్దాం.

నేను మొట్టమొదట అధ్యక్షత వహించిన మీటింగ్ మూడున్నర గంటలు సాగింది. ఏడుగురు సభ్యులం, అజెండాలో తొమ్మిది అంశాలు. మొదటి అంశం రసీదు పుస్తకానికి కొత్త డిజైన్. రంగు ఏది ఉండాలి, సంస్థ గుర్తు ఎడమవైపా కుడివైపా అని గంటంపావు మాట్లాడుకున్నాం. అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేనూ మీటింగ్ బ్రహ్మాండంగా నడుస్తోందనుకున్నాను. తొమ్మిదో అంశం ఇద్దరు ఉద్యోగుల జీతాలకు నాలుగు నెలల తర్వాత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది. దాని దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు వెళ్లిపోయారు. ఇంకొకాయన చెప్పులు వేసుకుంటూ, ‘మీరెలా అంటే అలాగే కానివ్వండి’ అన్నారు. అలాగే కానిచ్చాం. ఆ ‘అలాగే’ ఏమిటో మాలో ఎవరికీ తెలియదు.

చాలాకాలం ఆ ఆలస్యాన్ని సభ్యుల మీదికే నెట్టాను. నిజానికి అజెండా రాసింది నేను, ఆ వరస పెట్టింది నేను.

ఈ జబ్బు గురించి సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1957లోనే ఎగతాళిగా రాశాడు. ఆయన ఊహించిన కమిటీలో కోటి పౌండ్ల అణు రియాక్టర్‌కు రెండున్నర నిమిషాల్లో ఆమోదం దొరుకుతుంది. 350 పౌండ్ల సైకిల్ షెడ్డు మీద మాత్రం ముప్పావుగంట చర్చ నడుస్తుంది. రియాక్టర్ గురించి తెలియదని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. షెడ్డు గురించి తెలియనివాడు ఎవడూ ఉండడు. మా రసీదు పుస్తకమే ఆ సైకిల్ షెడ్డు.

అజెండా ఎలా రాయాలి

‘నిధులు’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఆ మాట చూసి ఎవరూ ఏమీ ఆలోచించుకుని రారు. ‘వచ్చే ఏడాదికి రెండో ఉద్యోగిని కొనసాగిద్దామా? కొనసాగిస్తే ఏ ఖర్చు తగ్గిద్దాం?’ అని ప్రశ్నగా రాయండి. ప్రశ్న కనపడితే మనిషి దారిలోనే జవాబు వెతుక్కుంటాడు. ఒక అంశాన్ని మీరు ప్రశ్నగా రాయలేకపోతున్నారంటే, అది ఇంకా బోర్డు ముందుకు రావడానికి సిద్ధంగా లేదని అర్థం. దాన్ని తెచ్చినవారికే తిప్పి పంపండి.

ప్రతి అంశం పక్కన ఒక ముక్క చేర్చండి: ‘తెలియడానికి’, ‘చర్చకు’, ‘నిర్ణయానికి’. ఇది చిన్న విషయంగా కనపడుతుంది కానీ సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ఒకరు సమాచారం చెప్పి ముగిద్దామనుకుంటారు, ఇంకొకరు అది తీర్మానం అనుకుని పోట్లాటకు దిగుతారు. దాని పక్కనే అనుకున్న సమయం కూడా నిమిషాల్లో వేయండి.

బరువైన అంశాన్ని రెండోదిగా పెట్టండి. మొదటిది కాదు, ఎందుకంటే ఆలస్యంగా వచ్చేవారు ప్రతి బోర్డులోనూ ఒకరుంటారు. మొదట ఐదు నిమిషాల్లో తేలిపోయేది ఏదైనా పెడితే సరిపోతుంది. పోయిన మీటింగ్ మినిట్స్ (అందులో తీసుకున్న నిర్ణయాలు రాసిపెట్టిన కాగితం), మామూలు నివేదికలు, వాదన అక్కర్లేని చిన్న ఆమోదాలు అన్నీ ఒక కట్టగా కట్టి ఒకే తీర్మానంతో ఆమోదించవచ్చు. ఎవరికైనా ఆ కట్టలో ఒకదాని మీద సందేహం ఉంటే దాన్ని బయటికి తీసి విడిగా చర్చిస్తారు, మిగతావి అలాగే పోతాయి. మా మీటింగుల్లో దీనివల్లే అరగంట మిగిలింది.

కాగితాలు వారం ముందు అందాలి. టేబుల్ మీద అప్పుడే పంచిన లెక్కల మీద నిర్ణయం అడగడం మర్యాద కాదు. కోరం (నిర్ణయాలు చెల్లాలంటే హాజరు కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య) సరిపోతుందో లేదో కూడా ముందే లెక్క చూసుకోండి, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ముందురోజు ఫోన్లు

ఈ పాఠం పేరు ఇందుకే అలా పెట్టాను. మీటింగ్‌కు ముందురోజు నేను ఇద్దరికో ముగ్గురికో ఫోన్ చేస్తాను. కోశాధికారికి తప్పనిసరిగా. మిగతావాళ్లు ఎవరంటే, బరువైన అంశం మీద గట్టి అభిప్రాయం ఉందని నాకు తెలిసినవాళ్లు, పోయిన మీటింగ్‌లో ఏమీ మాట్లాడకుండా వెళ్లినవాళ్లు.

ఇక్కడ ఒక గీత ఉంది, జాగ్రత్త. ‘రేపు దీనికి ఒప్పుకోండి’ అని అడిగితే అది ఓట్లు కూడగట్టడం. ఒకసారి ఆ పని చేశారని తెలిస్తే మీ ఫోన్ ఎత్తేటప్పుడల్లా ఎదుటివారు జాగ్రత్త పడతారు. నేను అడిగేది ఒకటే: ‘ఈ విషయంలో నిర్ణయం తీసుకోవడానికి మీకు ఇంకా ఏం తెలియాలండీ?’ వచ్చిన జవాబును బట్టి కావలసిన లెక్కో కాగితమో మీటింగ్‌కు సిద్ధం చేస్తాను. మీటింగ్ మధ్యలో ‘ఆ వివరాలు వచ్చేసారి చూద్దాం’ అని వాయిదా వేయాల్సి రావడం కంటే ఆ పది నిమిషాల ఫోను నయం.

కుర్చీలో కూర్చున్నాక

హెన్రీ రాబర్ట్ అని అమెరికా సైన్యంలో ఒక ఇంజినీరు ఉండేవాడు. 1863లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమని అడిగితే, ఎలా నడపాలో తెలియకుండానే కూర్చున్నాడు. సమావేశం రసాభాస అయింది. ఆ అవమానంతో సభా నియమాలన్నీ చదవడం మొదలుపెట్టి 1876లో తనే ఒక నియమాల పుస్తకం అచ్చు వేశాడు. ఆయన పేరుతో ఇప్పటికీ వాడుతున్న ఆ నియమాల ప్రకారం పెద్ద సభల్లో అధ్యక్షుడు చర్చలో దిగకూడదు. సుమారు డజను మందికి మించని చిన్న బోర్డుల్లో మాత్రం అధ్యక్షుడు కూడా మాట్లాడవచ్చు, ప్రతిపాదించవచ్చు, ఓటు వేయవచ్చు. మీ నియమావళి వేరేగా చెబితే అదే మీకు ప్రమాణం.

అనుమతి ఉంది కదా అని ముందే మాట్లాడకండి. మీ అభిప్రాయం చివర చెప్పండి. అధ్యక్షుడు మొదట ‘నాకైతే ఇది బాగానే ఉందనిపిస్తోంది’ అన్నాడంటే, మొహమాటస్తులంతా అక్కడితో ఆగిపోతారు. నేను ఇది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. నాలుక కరుచుకుని కూర్చోవడం కుర్చీలో అన్నిటికన్నా కష్టమైన పని.

మౌనాన్ని అంగీకారం అనుకోవడం ఇంకో పొరపాటు. జెర్రీ హార్వీ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 1974లో తన ఇంటి సంగతే రాశాడు. టెక్సస్‌లో మండే ఎండలో నలుగురు కుటుంబ సభ్యులు ఏసీ లేని కారులో 53 మైళ్లు వెళ్లి భోంచేసి వచ్చారు. తిరిగి వచ్చాక తేలింది, నలుగురిలో ఒక్కరికీ వెళ్లాలని లేదట. మిగతావాళ్లకు ఇష్టమేమోనని ఎవరికి వారు ఊ కొట్టారు. మంచి మనసున్నవాళ్లు చేరే సేవాసంస్థల బోర్డులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువని నా అనుభవం. ఒకరినొకరు నొప్పించకూడదని చూసుకుంటూ అందరూ కలిసి గుంటలో పడతారు.

అందుకని బరువైన అంశాల్లో ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని అడగను. ఆ ప్రశ్నకు ఎప్పుడూ మౌనమే జవాబు. టేబుల్ చుట్టూ ఒక్కొక్కరినీ, కొత్తగా చేరినవారితో మొదలుపెట్టి, ఇలా అడుగుతాను: ‘ఏడాది తర్వాత ఈ నిర్ణయం దెబ్బతిందనుకుందాం. దేనివల్ల అయి ఉంటుంది?’ వ్యతిరేకించడానికి మొహమాటపడేవారు కూడా దీనికి హాయిగా జవాబిస్తారు.

ఇక ఎక్కువ మాట్లాడేవారు. చిన్న సంస్థల్లో ఆ మనిషి తరచూ సంస్థను స్థాపించినవారో, పెద్ద విరాళం ఇచ్చినవారో అయి ఉంటారు. గంట కొట్టి కూర్చోబెట్టలేం. నేను గమనించింది ఏమిటంటే, ఒకే మాట మూడోసారి చెబుతున్నారంటే తమ మాట ఎవరికీ ఎక్కలేదని వారికి అనిపిస్తోందన్నమాట. ‘మీరు చెప్పింది రాసుకున్నానండీ, ఒకసారి చదువుతాను, సరిగ్గా ఉందో లేదో చూడండి’ అని చదివి వినిపిస్తే చాలావరకు అక్కడితో ఆగుతారు. ఆగకపోతే, ‘మీ మాట అందరికీ చేరింది, ఇప్పుడు మిగతావాళ్ల మాట విందాం’ అని పక్కవారి పేరు పెట్టి పిలవండి. గొంతు పెంచనక్కర్లేదు.

మీటింగ్ మొదట్లోనే అడగాల్సిన మాట ఇంకొకటుంది. ఈ రోజు అంశాల్లో దేనితోనైనా ఎవరికైనా సొంత లాభమో బంధుత్వమో ఉందా అని. ఉంటే చెప్పాలి, ఆ అంశం వచ్చినప్పుడు గది బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. ఆ సంబంధం మీదే అయితే అంతసేపూ కుర్చీ ఉపాధ్యక్షుడికి అప్పగించి మీరే వెళ్లండి. ప్రతిసారీ అడిగితే ఎవరినీ అనుమానించినట్టు ఉండదు. ఒక్కసారి మాత్రమే అడిగితే ఎవరిని ఉద్దేశించి అడిగారో అందరికీ తెలిసిపోతుంది.

ఓట్లు సమానమైతే? రాబర్ట్ నియమాల్లో సమానమైన తీర్మానం వీగిపోయినట్టే. మీ నియమావళి మీకు రెండో ఓటు ఇస్తే, బ్రిటన్ కామన్స్ సభలో స్పీకర్ పాటించే సంప్రదాయం గుర్తుంచుకోండి: మెజారిటీ లేని మార్పును తన ఓటుతో గట్టెక్కించడు. నేనూ అలాగే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచేవైపే వేస్తాను. సగం బోర్డు వద్దన్న పనిని నా ఒక్క ఓటుతో మొదలుపెడితే ఆ సగం మంది దాన్ని మోయరు.

ప్రతి అంశం ముగిశాక నిర్ణయాన్ని గట్టిగా ఒక వాక్యంలో చెప్పండి, ఎవరు చేస్తారో, ఏ తేదీలోగా చేస్తారో కలిపి. కార్యదర్శి రాసుకున్నాకే తర్వాతి అంశం ఎత్తండి. ‘చూద్దాం’, ‘ప్రయత్నిద్దాం’ అన్న మాటలతో ఏ అంశాన్నీ ముగించనివ్వకండి. మినిట్స్‌లో ఎవరేమన్నారో అక్కర్లేదు. తీసుకున్న నిర్ణయం, దాని కారణం, విభేదించినవారు తమ పేరు రాయమని అడిగితే ఆ పేరు, చాలు. మూడు రోజుల్లో అందరికీ పంపండి. వచ్చే మీటింగ్‌లో ఆమోదం పొందేదాకా అవి ముసాయిదాయే.

అభ్యాసం

మీ పోయిన మీటింగ్ అజెండా తీసి ప్రతి అంశాన్నీ ప్రశ్నగా తిరగరాయండి. ప్రశ్నగా మారనివాటి చుట్టూ సున్నా చుట్టండి. తర్వాత మినిట్స్ తీసి, పేరూ తేదీ లేని నిర్ణయాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నేను మొదటిసారి లెక్కపెట్టినప్పుడు పదకొండింటిలో ఎనిమిది తేలాయి.

వచ్చే మీటింగ్‌లో ఒక బరువైన అంశం మీద మీ అభిప్రాయం ఆఖరున చెప్పి చూడండి. మీకంటే ముందు ఎంతమంది మాట్లాడారో కాగితం మీద గీతలు పెట్టుకోండి.

నాలుగో పాఠానికి కోశాధికారి ఇచ్చిన గత మూడు నెలల లెక్కల కాగితాలు దగ్గర పెట్టుకోండి. లెక్కలు రానివారు అధ్యక్షుడైతే వాటిని ఎలా చదవాలో, కోశాధికారి మనసు నొచ్చుకోకుండా ఏ మూడు ప్రశ్నలు అడగాలో అక్కడ చూద్దాం.