పాత సినిమాలు, పాత బొమ్మలతో రీమిక్స్: కాపీరైట్ గొడవ రాకుండా ఎలా చేయాలి?

వీడియో కింద "క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే చాలని చాలామంది ధీమా. చాలదు. పేరు వేయడం మర్యాద, అనుమతి వేరే సంగతి. పది సెకన్లలోపు వాడుకుంటే ఏమీ కాదన్న మాట కూడా మన చట్టంలో ఎక్కడా లేదు. అలాగని రీమిక్స్ మానుకోనక్కర్లేదు, ముందు కొంత లెక్క చూసుకుంటే చాలు.

1. ముడిసరుకును విడదీయండి

సినిమా క్లిప్ అంటే ఒకే వస్తువు కాదు. దృశ్యం, మాటలు, పాట సాహిత్యం, బాణీ, రికార్డింగ్ దేనికది వేరు. ఏవేవి వాడబోతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి.

2. ఒక్కోదాని గడువు చూడండి

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన, సంగీతం, చిత్రకళకు సృష్టికర్త పోయాక 60 ఏళ్లు, సినిమాకు, సౌండ్ రికార్డింగ్‌కు విడుదలయ్యాక 60 ఏళ్లు రక్షణ. లెక్క మరుసటి జనవరి నుంచి మొదలవుతుంది. రవివర్మ 1906లో, రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో పోయారు కాబట్టి వాళ్ల బొమ్మలు ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. కాకపోతే ఈమధ్య ఎవరో మార్చి గీసిన క్యాలెండర్ లక్ష్మీదేవిని కాకుండా రవివర్మ అసలు బొమ్మనే తీసుకోండి.

అసలు చిక్కంతా సినిమాలతోనే. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. సినిమాగా దాని గడువు 2022తో తీరింది. కానీ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో, బాణీలు కట్టిన ఘంటసాల 1974లో పోయారు. అంటే సాహిత్యానికి 2031 చివరిదాకా, సంగీతానికి 2034 చివరిదాకా రక్షణ ఉంది. మాటల రచయిత డి.వి. నరసరాజు 2006లో పోయారు, కాబట్టి ఆ సంభాషణల లెక్క 2066 దాకా సాగుతుంది! దృశ్యాలు మాత్రం తీసుకుని, శబ్దం తీసేసి, మీ సొంత సంగీతం పెట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

3. గడువు తీరనివైతే లైసెన్స్ చదవండి

ఫొటోలు పంచుకునే ఫ్లికర్ లాంటి సైట్లలో కొన్ని ఫొటోలకు క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉంటుంది, అంటే కొన్ని షరతులతో వాడుకోవడానికి ముందే అనుమతి ఇచ్చేశారన్నమాట. 'బి.వై' అంటే పేరు వేయాలి. 'ఎస్.ఎ' ఉంటే మీ రీమిక్స్‌నూ అదే లైసెన్స్‌తో పంచాలి. 'ఎన్.సి' ఉంటే వ్యాపారానికి వాడకూడదు, డబ్బులొచ్చే ఛానల్ ఉన్నవాళ్లు దాన్ని వదిలేయడం మేలు. 'ఎన్.డి' కనిపిస్తే మరో ఫొటో వెతుక్కోండి, మార్చినదాన్ని పంచడానికి అది ఒప్పుకోదు.

4. ఫెయిర్ యూజ్ మీద అతిగా ఆధారపడకండి

అనుమతి లేకుండానే కొంతవరకు వాడుకోనిచ్చే ఆ మాట అమెరికా చట్టంలోది. అక్కడ ఎందుకు వాడారు, అసలు కృతి ఎలాంటిది, ఎంత తీసుకున్నారు, దాని మార్కెట్‌కు దెబ్బ తగిలిందా అని నాలుగు వైపుల నుంచి చూస్తారు. అంత చేసినా గ్యారంటీ లేదు. గాయకుడు ప్రిన్స్ ఫొటో ఆధారంగా అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ చేసిన చిత్రాన్ని ఒక పత్రికకు లైసెన్స్ ఇచ్చిన కేసులో 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఫొటోగ్రాఫర్ వైపే మొగ్గింది. అసలు ఫొటో, ఆ చిత్రం రెండూ పత్రికలో ప్రిన్స్ బొమ్మ వేయడానికే కదా అన్నది అక్కడి వాదన.

మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోని 'ఫెయిర్ డీలింగ్' ఇంకా ఇరుకు: సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన ఘటనల వార్తలు. కాబట్టి సీన్ మీద మీ వ్యాఖ్యానమే ముందుండాలి. వాదనకు కావాల్సినంత ముక్కే తీసుకోండి. సీన్ మొత్తం పెట్టి చివర్లో "సూపర్ కదా" అంటే అది విమర్శ అనిపించుకోదు.

5. యూట్యూబ్‌లో క్లెయిమ్ వస్తే

క్లెయిమ్ (ఇది మాది అని హక్కుదారు అనడం) వేరు, స్ట్రైక్ (ఛానల్ మీద పడే మచ్చ) వేరు. కంటెంట్ ఐడీ (కాపీలను తనంతట తానే పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిమ్ వస్తే ఆదాయం అవతలివాళ్లకు పోవచ్చు, వీడియో ఆగిపోవచ్చు, ఛానల్‌కు మాత్రం మచ్చ పడదు. ఆ ముక్క కత్తిరించవచ్చు, పాట మార్చవచ్చు. మీ దగ్గర లైసెన్స్ ఉంటేనో, వాడకం సమర్థించుకోగలిగితేనో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయండి, జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు ఉంటాయి. ఆధారం లేకుండా వేస్తే మాత్రం వాళ్లు వీడియో తీసేయమని నోటీసు పంపవచ్చు, దాంతో స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు. లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్‌ను తేదీతో సహా అప్‌లోడ్‌కు ముందే దాచిపెట్టుకోండి.