విండోస్ 10 వాడుకరులు లినక్స్‌కు మారే విధానం
విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేని పాత కంప్యూటర్లు విండోస్ 11కు అర్హమైనవి కావు గనుక, వాటిని మూలన పడేసే ముందు లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పరీక్షించి చూడటం మంచిది. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు.

ముందుగా ఫైళ్లన్నిటినీ వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఈ పనిని ఎవరూ దాటవేయకూడదు. తరువాత మింట్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ చేయడానికి కావలసినదంతా ఒకే ఫైలుగా ఉండేది) డౌన్‌లోడ్ చేసుకొని, రూఫస్ అనే ప్రోగ్రాము సాయంతో ఖాళీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కంప్యూటరును దానితోనే ప్రారంభిస్తే, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, ప్రింటరు, వెబ్‌క్యామ్ సరిగా పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవచ్చు.

బ్రౌజరు, వీడియోలు, లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేరులో ఉత్తరాలు, లెక్కలు మాత్రమే అవసరమైనవారికి లినక్స్ ఇప్పటికే సిద్ధంగా ఉందని నా అభిప్రాయం. తెలుగు టైపింగుకు కీబోర్డు లేఅవుట్లలో తెలుగును చేర్చుకుంటే సరిపోతుంది. అయితే పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో ‘అను’ పేరుగల తెలుగు ఫాంట్లతో పుస్తకాలు కూర్చే డీటీపీ నిపుణులు తొందరపడరాదు, ఎందుకంటే పేజ్‌మేకరుకు లినక్స్ వెర్షను లేదు, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే అక్షర సంకేత పద్ధతి) కాని ఆ ఫాంట్లలోని పాఠం లిబ్రెఆఫీస్‌లో నేరుగా తెలుగుగా తెరుచుకోదు. ఏళ్ల శ్రమ ఆ ఫైళ్లలో ఉంటుంది. అటువంటివారు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్‌ను చెరిపివేయకుండా దాని పక్కనే మింట్‌ను ఉంచే ఎంపికను తీసుకుంటే, కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ రెండింటిలో కావలసినదాన్ని ఎంచుకోవచ్చు.