హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ కన్సోల్ కొనాలా వద్దా? ఇలా తేల్చుకోండి

చేత్తో పట్టుకుని ఎక్కడైనా ఆడుకునే ఈ గేమ్ మెషిన్ కొనేటప్పుడు చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత యూట్యూబ్‌లో రివ్యూలు చూస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టి రెండు నెలలు ఎటూ తేల్చుకోలేకపోయాను. ముందు చూసుకోవాల్సింది మీ దినచర్య.

1. వారం రోజులు రాసి పెట్టుకోండి

ఆడుకోవడానికి ఖాళీ ఎప్పుడు దొరికింది, ఎన్ని నిమిషాలు, ఆ సమయంలో మీరు ఎక్కడున్నారు? రోజూ ఫోన్‌లో రాసుకోండి. ఎక్కువగా ఇంట్లో టేబుల్ దగ్గరే ఉంటే అదే డబ్బుకు టీవీకి పెట్టి ఆడే పీఎస్5 గానీ మంచి పీసీ గానీ మేలు. పిల్లలు పడుకున్నాక మంచం మీద ఇరవై నిమిషాలు, హాస్టల్ గదిలో ఒక గంట, టీవీ ముందు ఇంకెవరో కూర్చున్నప్పుడు కాసేపు, ఇలా ఉంటే హ్యాండ్‌హెల్డ్ నిజంగా పనికొస్తుంది. చాలా హ్యాండ్‌హెల్డ్‌లలో పవర్ బటన్ నొక్కగానే ఆట అక్కడికక్కడే ఆగుతుంది, మళ్లీ నొక్కితే అక్కడి నుంచే మొదలవుతుంది. ఖాళీ ముక్కలు ముక్కలుగా దొరికేవాళ్లకు దీనికంటే పెద్ద లాభం లేదని నా అభిప్రాయం.

2. ముందు ఆటలు, తర్వాత మెషిన్

ఆడాలనుకునే ఐదు ఆటల పేర్లు రాయండి. మారియో, జెల్డా లాంటివి ఉంటే నింటెండో స్విచ్ తప్ప వేరే దారి లేదు. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఇప్పటికే ఆటలు కొని ఉంటే, ఆ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ చూడండి. ఏ ఆట అందులో బాగా నడుస్తుందో స్టీమ్ స్టోర్‌లో గుర్తు పెట్టి చూపిస్తారు. ఫోర్ట్‌నైట్ లాంటి కొన్ని ఆన్‌లైన్ ఆటలు మాత్రం దాని సిస్టమ్ మీద నడవవు. వాటికి విండోస్‌తో వచ్చే ఆసుస్ ఆర్‌ఓజీ ఆలై లాంటిది కావాలి. ప్లేస్టేషన్ పోర్టల్ అయితే నెట్ ద్వారా ఆడే పరికరం, నెట్ సరిగా అందని రైల్లో పనికిరాదు.

3. బ్యాటరీ లెక్క మీరే వేయండి

కంపెనీలు చెప్పే గంటలు తేలికపాటి ఆటలకే సరిపోతాయి. లెక్క మాత్రం సులువు. బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో (అందులో నిల్వ ఉండే కరెంటు కొలత) చూసి, ఆట లాగే వాట్లతో భాగించండి. మొదటి స్టీమ్ డెక్‌లో, మొదటి ఆలైలో 40 వాట్-అవర్ల బ్యాటరీ ఉంది. పెద్ద ఆట 20 వాట్లు లాగితే వచ్చేది రెండు గంటలే. 8 వాట్లు చాలే చిన్న ఆటయితే ఐదు గంటలు. తర్వాత వచ్చిన మోడళ్లు డెక్ ఓఎల్ఈడీలో 50, ఆలై ఎక్స్‌లో 80 వాట్-అవర్లు ఉన్నాయి. ఫ్రేమ్ రేటు (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) 40కి తగ్గించుకుంటే ఇంకొంత సేపు వస్తుంది.

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో ఉండేది సుమారు 37 వాట్-అవర్లు. మధ్యలో కొంత వృథా పోతుంది కాబట్టి 40 వాట్-అవర్ల బ్యాటరీని పూర్తిగా నింపలేదు. రాత్రంతా రైల్లో విశాఖ వెళ్లేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి.

మంచి తెరా, ఎక్కువ సేపు నడిచే బ్యాటరీయా అన్నది పాత తగువే. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌కి రంగుల తెర లేదు, కానీ నాలుగు సెల్స్‌తో చాలా గంటలు నడిచేది. ఆ మరుసటి ఏడాది సెగా రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చింది. అది ఆరు సెల్స్‌ని కొన్ని గంటల్లోనే ఖాళీ చేసేది. జనం ఎక్కువగా కొన్నది గేమ్ బాయ్‌నే.

4. బరువు చేతులతో చూడండి

డెక్ 640 నుంచి 669 గ్రాములు, మొదటి ఆలై 608, స్విచ్ లైట్ 275. అర లీటరు నీళ్ల సీసా, మీ ఫోన్ కలిపి అరగంట ఎత్తి పట్టుకుంటే డెక్ బరువు ఎలా ఉంటుందో దాదాపుగా తెలుస్తుంది. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు ఈ పరీక్ష మానొద్దు.

5. రిపేరు ఎవరు చేస్తారో అడగండి

స్విచ్, స్టీమ్ డెక్‌లను ఆ కంపెనీలు మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. ఇక్కడ దొరికేవి బయటి నుంచి తెప్పించి అమ్మేవి, కాబట్టి వారంటీ అంటే షాపువాళ్ల మాటే. నేను కొన్న హ్యాండ్‌హెల్డ్‌లో ఎనిమిది నెలలకే ఎడమ స్టిక్ (బొటనవేలితో కదిపే చిన్న పుల్ల) దానంతటదే పక్కకు లాగడం మొదలైంది. షాపుకు వెళ్తే ఆ మోడల్ ఇప్పుడు తాము చూడట్లేదన్నారు. చాలా బాధేసింది. అందుకే వారంటీ ఎన్ని నెలలో, స్టిక్ పాడైతే ఎవరు మారుస్తారో బిల్లు మీద రాయించుకోండి.

పైఖర్చు కూడా కలపండి: కేస్, మెమరీ కార్డ్, టీవీకి పెట్టాలంటే డాక్ అనే స్టాండ్. స్విచ్ తర్వాతి మోడల్ స్విచ్ 2లో ఆటలు దాచుకోవడానికి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం మెమరీ కార్డే కావాలి, పాత కార్డులు పనికిరావు. ఆటల ఖర్చులో స్టీమ్ నయం. ధరలు రూపాయల్లో ఉంటాయి, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు.

6. ఒక శని, ఆదివారాలకు అరువు తెచ్చుకోండి

తెలిసినవాళ్ల దగ్గర ఉంటే అడగండి. మొదటి రోజు సరదాకొద్దీ ఆడతారు, అది లెక్కలోకి రాదు. రెండో రోజు ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నారో మీ వారం రాతల పక్కన రాయండి. రెండూ కలవకపోతే ఇంకో నెల ఆగి మళ్లీ చూడండి.