ఆఫీసు సెయిలింగ్ క్లబ్బుకు ఉమ్మడి పడవను ఎంచుకోవడం ఎలా

మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో సెయిలింగ్ క్లబ్బు పెట్టాలన్న ఆలోచన సాధారణంగా వర్షాకాలంలోనే పుడుతుంది. హుస్సేన్‌సాగర్‌లో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతున్నప్పుడు నెక్లెస్ రోడ్డు మీదుగా వెళుతూ తెరచాపల వరుసను చూసినవారు ఆ సాయంత్రమే సహోద్యోగులకు సందేశం పెడతారు; వారం తిరగకముందే పాతిక పేర్లు పోగై, ఏ పడవ కొనాలన్న చర్చ మొదలవుతుంది. ఆ చర్చ ఎక్కువగా పడవ వేగం చుట్టూ తిరుగుతుంది. నా దృష్టిలో మొదట తేల్చుకోవలసినవి వేరే రెండు ప్రశ్నలు: బోల్తా పడిన పడవను నీటిలో ఉన్న ఇద్దరు మామూలు మనుషులు తిరిగి నిలబెట్టగలరా, వారంలో మిగిలిన ఆరు రోజులు అది ఎవరి కనుసన్నల్లో ఉంటుంది.

పేర్లు ఇచ్చినవారి సంఖ్యను బట్టి పడవ కొనకండి. మొదటి ఆదివారం ఇరవై మంది వస్తే, నాలుగో ఆదివారానికి ఎనిమిది మంది మిగలడం సహజం. ఆ ఎనిమిది మందే మీ అసలు క్లబ్బు. కాబట్టి ముందుగా ఏదైనా శిక్షణ సంస్థలో అద్దె పడవల మీద రెండు నెలలు నేర్చుకొని, ఆ తరువాత కూడా క్రమంగా వస్తున్నవారిని లెక్కపెట్టుకోండి. వారి బరువులను, ఈత వచ్చినదీ రానిదీ కూడా మొహమాటం లేకుండా రాసుకోవాలి. 52 కిలోల వారికి అమరిన తెరచాప 90 కిలోల వారికి చాలదు. 90 కిలోల వారికి అమరినది గట్టి గాలిలో 52 కిలోల వారికి అదుపు తప్పుతుంది.

ఇక చెరువు సంగతి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ చూపుకు విశాలమైనదే గాని అంచుల వెంబడి లోతు తక్కువ, అడుగున పూడిక ఎక్కువ. నీటి అడుగున కీల్ అనే బరువైన స్థిరమైన రెక్క వేలాడే పెద్ద పడవ, అంటే కీల్‌బోట్, ముంబయి రేవులో హుందాగా ఉంటుంది. ఇక్కడ మాత్రం దానిని దించడానికీ లేపడానికీ క్రేన్ కావాలి, ఒడ్డుకు రావడానికి తగినంత లోతు కావాలి, కాబట్టి ఆ ఆలోచనను మొదటి రోజే పక్కన పెట్టడం మంచిది. చక్రాల ట్రాలీ మీద నలుగురు నెట్టుకుంటూ నీటిలోకి దించగలిగే చిన్న తెరచాప పడవ, అంటే డింగీయే ఈ చెరువుకు తగినది. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి గాలి బలంగా ఉంటుంది. చలికాలంలో గాలి బాగా తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఉరుముల వాన ముందు ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. ఈ మూడు కాలాల్లోనూ పనికివచ్చే పడవ కావాలంటే, తెరచాపను గాలికి తగినట్లు మార్చుకునే వీలు ఉండాలి.

పూడిక వల్ల మరొక చిక్కు ఉంది. డింగీ పూర్తిగా తలకిందులైతే మాస్ట్ (తెరచాప స్తంభం) కొన నేరుగా బురదలో దిగబడుతుంది, అప్పుడు దానిని లేపడానికి సహాయక పడవ రావలసిందే. మాస్ట్ కొనకు చిన్న తేలికపాటి బుడ్డి వంటి ఫ్లోట్ కట్టుకుంటే పడవ పక్కకు ఒరిగి ఆగుతుంది, తలకిందులు కాదు. కొత్తవారు ఎక్కే ఉమ్మడి పడవకు అది తప్పనిసరి అని నేను భావిస్తాను, దాన్ని చూసి నవ్వే అనుభవజ్ఞులు కొందరు ఉన్నప్పటికీ. వినాయక నిమజ్జనం తరువాత నీటి అడుగున మిగిలిపోయే ఇనుప చట్రాల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అందుకే అడుగున దేనికైనా తగిలితే దానంతట అదే వెనక్కి మడుచుకునే సెంటర్‌బోర్డ్ (పడవ పక్కకు జారకుండా నీటిలోకి దించే పలక), పైకి లేచే చుక్కాని ఉన్న పడవకు ఇక్కడ ఎక్కువ మార్కులు వేయాలి. అదే పనికి నిలువుగా దించే డాగర్‌బోర్డ్ ఆ దెబ్బను తప్పించుకోలేదు.

మన దగ్గర ఎక్కువగా చర్చకు వచ్చేవి మూడు రకాలు. ఒకప్పుడు లేజర్ అనీ ఇప్పుడు ఇల్కా అనీ పిలిచే పడవ 4.2 మీటర్ల పొడవు, సుమారు 59 కిలోల బరువు ఉన్న, ఒక్కరే నడిపే పడవ. దాని పెద్ద సుగుణం ఒకే పడవకు 4.7, 5.76, 7.06 చదరపు మీటర్ల మూడు తెరచాపలు అమరడం. మాస్ట్ కింది భాగాన్ని, తెరచాపను మార్చుకుంటే రకరకాల బరువులవారు దానినే వాడుకోవచ్చు. లోపం కూడా అక్కడే ఉంది: ఎక్కేది ఒక్కరే కాబట్టి నేర్పేవారు పక్కన కూర్చోలేరు, డాగర్‌బోర్డ్ కూడా మడుచుకోదు. రెండోది ఎంటర్‌ప్రైజ్, 1956 నాటి బ్రిటిష్ రూపకల్పన, 4.04 మీటర్లు, దాదాపు 90 కిలోలు, ఇద్దరు కూర్చునేది, రెండు తెరచాపలది. పాత కొయ్య ఎంటర్‌ప్రైజ్ బోల్తా పడి లేచినప్పుడు నిండా నీటితో లేస్తుంది, తోడుకోవడమే ఒక వ్యాయామం. నీరు తనంతట తానే వెళ్లిపోయేలా రెండు పొరల నేల ఉన్న ఫైబర్ రకం దొరికితే అది మేలు. మూడోది 420, పొడవు పేరులోనే ఉంది, 4.2 మీటర్లు, పోటీలకు వెళ్లాలనుకునే తేలికైన యువకులకు మంచిదే గాని, మాస్ట్‌కు కట్టిన ట్రపీజ్ తీగ ఆధారంగా పడవ బయటికి వేలాడే పద్ధతి ఉన్నందున మొదటి పడవగా కొంచెం ఎక్కువే. పిల్లల ఆప్టిమిస్ట్ గురించి ఎవరైనా ప్రస్తావిస్తే, అది పదిహేనేళ్ల లోపువారిదని చెప్పి ముందుకు సాగండి.

ఎనిమిది మంది క్లబ్బుకు నా ఎంపిక ఇద్దరు కూర్చునే ఫైబర్ డింగీ ఒకటి. మూడు గంటల ఉదయంలో ఒక్కొక్క జంటకు నలభై అయిదు నిమిషాలు వచ్చేలా నాలుగు జంటలు తిరగవచ్చు, నేర్చినవారు నేర్చుకునేవారితో కూర్చోవచ్చు. వేగం తక్కువైతే తక్కువ.

కొత్త పడవ దొరికితే సరే, సాధారణంగా దొరికేది వాడినదే. దాన్ని చూడడానికి వెళ్లేటప్పుడు పాత ఇనుము కొట్లో ఉండే వేలాడే కాటా ఒకటి తీసుకెళ్లండి. తయారీ బరువు కంటే అయిదారు కిలోలు ఎక్కువ తూగితే లోపలి ఫోమ్ నీరు పీల్చుకొని ఉందన్నమాట, అది ఎండబెడితే పోయే బరువు కాదు. తరువాత పడవ పైభాగాన్ని (డెక్‌ను) బొటనవేళ్లతో నొక్కుతూ, పిడికిలితో తడుతూ రండి. మాస్ట్ చుట్టూ, కూర్చునే చోట మెత్తగా ఒత్తుకున్నా, డొల్ల శబ్దం వచ్చినా పొరలు విడిపోయాయని అర్థం. లేజర్ రకమైతే మాస్ట్ నిలబెట్టే రంధ్రంలో నీళ్లు పోసి పావుగంట చూడండి, నీటిమట్టం దిగితే లోపలికి కారుతోంది. చుక్కాని వేలాడదీసే వెనుక కొండీలను గట్టిగా ఊపి చూడాలి. తెరచాపను ఎండలో ఎత్తి పట్టుకుంటే కుట్ల దగ్గర చిన్న రంధ్రాలు కనబడతాయి. గుడ్డ బిర్రు పోయి చీరలా జారితే అది మార్చవలసినదే, ఆ ఖర్చును బేరంలో కలుపుకోండి.

ఈ పరీక్షలేవీ చేయకుండా మా బృందం ఒక పడవ కొన్నది. మొదటి ఆదివారం మూడో జంట తిరిగి వచ్చేసరికి వెనుక భాగం నీటిలోకి కుంగి ఉంది. ఒడ్డుకు లాగి బిరడా తీస్తే ఇరవై నిమిషాలు నీరు కారుతూనే ఉంది. అమ్మినవారు చెప్పలేదు, మేము అడగలేదు.

ఎండ సంగతిని చాలామంది తేలికగా తీసుకుంటారు. హైదరాబాద్ ఎండలో ముసుగు లేకుండా ఉంచిన తెరచాప, తాళ్లు ఒక్క వేసవిలోనే పాడవడం మొదలవుతాయి, కాబట్టి పడవతో పాటు పూర్తి ముసుగు కూడా కొనాలి. పడవను ఎక్కడ నిలుపుతారో ముందే మాట్లాడుకున్న తరువాతే డబ్బు చెల్లించండి. సహాయక పడవ, కాపలా, ట్రాలీ దించే వాలు ఉన్న సెయిలింగ్ క్లబ్బు ఆవరణలో అద్దె చోటు దొరకకపోతే, పడవ ఎంత చవకైనా ఆగండి. వాడిన ప్రతిసారీ మంచినీటితో పడవనూ, తమనూ కడుక్కోవడానికి కుళాయి ఉండడం ఈ చెరువు విషయంలో సౌకర్యం కాదు, అవసరం.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు ఉమ్మడి పడవ కూడా పాడవుతుంది, జవాబుదారీ లేకపోతే. ఏడుగురికి తక్కువ కాకుండా సభ్యులు ఉంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకొని పడవను సంఘం పేరిట కొనడం మంచిది. ఒక్కరి పేరిట కొంటే ఆయన ఉద్యోగం మారిన రోజు తగాదా వస్తుంది. ఒక పుస్తకంలో తేదీ, ఎక్కినవారి పేర్లు, గమనించిన లోపం రాయించండి, పగిలినది చెప్పినవారికి జరిమానా వేయకండి, లేకపోతే ఎవరూ చెప్పరు.

చివరి వాయిదా చెల్లించే ముందు అమ్మకందారు సమక్షంలోనే, లైఫ్ జాకెట్లు వేసుకొని, సహాయక పడవను దగ్గర ఉంచుకొని, మీ బృందంలో అందరికంటే బలహీనమైన ఇద్దరి చేత లోతైన నీటిలో పడవను కావాలని బోల్తా కొట్టించండి. వారు బయటి సాయం లేకుండా దానిని లేపి, ఎక్కి, ఒడ్డుకు తేగలిగితే మిగిలిన డబ్బు ఇచ్చేయవచ్చు.