కరెంటు పోయినా కెరీర్ సేవ్ పోకుండా

విజయనగరం వైపు వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు నమ్మకం లేదు. కంప్యూటర్‌లో ఆడే ఫుట్‌బాల్ గేము ఫిఫా 22లో కెరీర్ మోడ్ (సీజన్ల తరబడి సాగే ఆట) సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఫైలు సగం రాసి ఆగిపోతుంది, మళ్లీ లోడ్ అవ్వదు. గేము తిరిగి ఇన్‌స్టాల్ చేసినా లాభం లేదు. పాడైంది గేము కాదు, సేవ్ ఫైలు.

నాకు పనిచేసింది ఇది. సెట్టింగ్స్‌లో ఆటోసేవ్ ఆపేసి, ప్రతి మ్యాచ్ తర్వాత మనమే సేవ్ చెయ్యాలి. ఒకే పేరు మీద కాదు, రెండు పేర్లు పెట్టుకుని మార్చి మార్చి. అప్పుడు పోయినా ఒక్క మ్యాచే పోతుంది. ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లని కొని అమ్మే గడువు) మూసే రోజుకి ముందు మూడో పేరు మీద కూడా సేవ్ తప్పనిసరి. ఆ రోజు గంటగంటకీ బేరాలు మారతాయి.

గేము మూసేశాక డాక్యుమెంట్స్‌లో ఫిఫా 22, అందులో సెట్టింగ్స్ ఫోల్డర్ తెరవండి. కెరీర్ అని మొదలయ్యే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఫైలు పాడైతే దాన్ని తీసేసి, కాపీని అదే పేరుతో పెడితే చాలు. వన్‌డ్రైవ్ (ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచే సర్వీసు) సింక్ మాత్రం ముందే ఆపండి, లేదంటే పాడైన ఫైలే మళ్లీ వచ్చి కూర్చోవచ్చు.

యూపీఎస్ ఉంటే మానిటర్‌ని కూడా దానికే తగిలించండి. తెర ఆరిపోతే సేవ్ ఎక్కడ నొక్కుతాం? పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌కి 600 వీఏ సామర్థ్యం ఉన్న యూపీఎస్ చాలదు.