ఎల్‌శాట్ మళ్ళీ రాస్తే పాత స్కోరు దెబ్బ తీస్తుందా?

అమెరికాలో లా స్కూళ్ళకి అప్లై చేసే మన పిల్లలకి ఒకటే టెన్షన్: ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ మళ్ళీ రాస్తే రెండు స్కోర్లూ కలిపి సగటు తీస్తారేమోనని. ఒకప్పుడైతే ఆ భయంలో అర్థం ఉండేది. 2006లో లెక్క మారింది. లా స్కూళ్ళకి గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్‌కి స్కూళ్ళు ప్రతి విద్యార్థిదీ అత్యధిక స్కోరే చూపిస్తాయి. ర్యాంకింగుల్లో చూసే మధ్యస్థ స్కోరు కూడా వాటి మీదే కడతారు. మీ 158 పక్కన 164 చేరితే, వాళ్ళకి అవసరమైనది ఆ 164.

అలాగని పాతది మాయమైపోదు. గత కొన్నేళ్ళ స్కోర్లన్నీ రిపోర్టులో వెళ్తాయి. రద్దు చేసుకున్న పరీక్ష కూడా ‘రద్దు’ అని కనబడుతుంది, ఎన్నిసార్లు రాశారన్న లెక్కలోకీ వస్తుంది. జీవితంలో మొత్తం ఏడుసార్లే రాయనిస్తారు మరి. స్కోరు ఒక్కసారిగా పది పాయింట్లు పెరిగితే కారణం చెబుతూ అప్లికేషన్‌కి నాలుగు ముక్కలు జతచేయండి. రెండు పాయింట్లకి అదంతా దండగ.

మళ్ళీ రాయాలా వద్దా అన్నది మీ మాక్ టెస్టులే చెప్పాలి. గడియారం పెట్టుకుని రాసినవాటిలో వరసగా నాలుగైదు పాయింట్లు ఎక్కువొస్తుంటే రాసేయండి. ఒక్కసారి ఎక్కువొచ్చిందని మాత్రం ఫీజు కట్టేయకండి, అది గాలివాటం కావచ్చు.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: తర్వాతి పరీక్షకి రిజిస్టర్ అయి ఉంటే కొన్ని స్కూళ్ళు ఆ ఫలితం వచ్చేదాకా మీ ఫైలు పక్కన పెడతాయి. చాలా స్కూళ్ళు వచ్చిన అప్లికేషన్లను వచ్చినట్టే చూసి సీట్లు ఇచ్చేస్తుంటాయి కాబట్టి, ఆగాలో వద్దో అడ్మిషన్స్ ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టి చెప్పండి.